అడగనివారికి ఏ రంగు?

పలకమీద బలపంతో మొదలై కాగితంమీద సిరాతో ముదిరిన చదువు మనది. పలక నల్లనిది, దానిమీద అక్షరం తెల్లనిది. కాగితం తెల్లనిది, దానిమీద అక్షరం నల్లనిది. ఈ రెండింటిలో ఏది మేలని మన చిన్నతనంలో ఎవ్వరమూ తర్కించలేదు. రాయి నల్లగా దొరికినది గనుక పలక నల్లనైనది. అంతకు పూర్వం తాటాకుమీద ఘంటంతో గీసి, ఆ గీతలలో మసి పూసి తుడిచినప్పుడు లేతవన్నె ఆకుమీద నల్లని అక్షరం తేలినది. వ్రాసే వస్తువే రంగును నిర్ణయించినది. వ్రాసేవానికి ఆ చింత లేకపోయినది.

నేటి కంప్యూటరు తెర ఆ నిశ్చింతను తీసివేసినది. ఈ తెరకు తనదంటూ ఒక రంగు లేదు. నేల నల్లగా కావలెనన్నా, తెల్లగా కావలెనన్నా, అక్షరాన్ని పచ్చగానో నీలంగానో నారింజవన్నెగానో చూపవలెనన్నా దానికి అభ్యంతరం లేదు. వస్తువు నిర్ణయించనప్పుడు ఎవరో ఒక మనిషి నిర్ణయించి తీరవలె.

ప్రోగ్రాములు వ్రాసేవారి వ్రాతపలకను కోడ్ ఎడిటరు అంటారు. అందులోని రంగుల కూర్పుకు థీము అని పేరు. ఆ ఎడిటరును మొట్టమొదట తెరిచినప్పుడు అది ఏ రంగులతో కనబడవలె అన్న ప్రశ్న పైకి చాల అల్పంగా తోస్తుంది. తెలుగు పాఠాలు చెప్పుకునేవానికి దీనితో పనియేమని పాఠకులు అడుగవచ్చు. ఒక విద్యార్థి నా కళ్ళు తెరిపించేవరకు నాకూ అట్లాగే తోచినది.

రెండు సంవత్సరాల క్రిందట, కంప్యూటరు అధ్యాపకుడు సెలవులో ఉండగా, ప్రయోగశాలలో పిల్లలను కనిపెట్టి ఉండే పని నాకు పడినది. మూడవ వరుసలో ఒక అబ్బాయి నిమిషానికొకసారి ప్రక్కవాని తెరవైపు తొంగిచూచి ఏదో గొణుగుతున్నాడు. చూచి వ్రాస్తున్నాడని నిశ్చయించుకొని, పదిమంది ఎదుట నాలుగు మాటలని, ఒంటరిగా వేరొక చోట కూర్చోబెట్టినాను. ఆ గంటలో అతడు మరి ఒక్క పంక్తి కూడ ముందుకు సాగలేదు. గంట కొట్టిన తరువాత దగ్గరకు పిలిచి, "ఏమయ్యా, వాణ్ణి ఏమడుగుతున్నావు?" అన్నాను.

"జవాబు కాదు సార్. ఆ చుక్క ఏ రంగో అడుగుతున్నాను."

వ్రాసిన పంక్తి సరియైనదైతే దాని ప్రక్కన పచ్చచుక్క, తప్పైతే ఎర్రచుక్క వెలిగే ఏర్పాటు ఆ ఎడిటరులో ఉన్నది. రెండు చుక్కలూ గుండ్రనివే. పరిమాణం ఒకటే. "రెండూ నాకు ఒకే మట్టిరంగు సార్" అన్నాడా అబ్బాయి. రంగులు మార్చుకోవచ్చు గదా అన్నాను. మార్చుకోవచ్చునన్న సంగతే అతనికి తెలియదు. తెలిసి మార్చుకున్నా, ప్రయోగశాలలోని యంత్రాలు ప్రతి ఉదయం మళ్ళీ మొదటి అమరికకే వచ్చేటట్లు కట్టిపెట్టి ఉన్నవి.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మరునాటినుండి ఈ రంగుల సంగతి తెలిసినవారిని అడిగి, చదివి, నాకు అర్థమైనంత తెలుసుకున్నాను.

*

మొదట, ప్రోగ్రాముకు రంగులెందుకు? మన ప్రాచీన తాళపత్రాలను చూచినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. తాటాకుమీద పదానికీ పదానికీ నడుమ ఖాళీ లేదు. అక్షరాలు ఏకధాటిగా సాగిపోతవి. ఎక్కడ విరవవలెనో చదువరికి తెలిసి ఉండవలె. పదచ్ఛేదం తెలియనివానికి ఆ పద్యం అడవి. అచ్చు వచ్చిన తరువాత పద్యాన్ని పెద్ద అక్షరాలలోను, ప్రతిపదార్థాన్ని చిన్న అక్షరాలలోను వేసి ఆ అడవిలో బాటలు వేసినారు. ప్రోగ్రామువ్రాతలో రంగులు చేసేది ఆ పనియే. ఆజ్ఞాపదాలు ఒక రంగు, అంకెలు ఒక రంగు, కొటేషను గుర్తుల నడుమనున్న మాటలు ఒక రంగు, యంత్రంకోసం కాక మనిషికోసం వ్రాసుకున్న వ్యాఖ్య మరొక మందమైన రంగు. అర్థం చేసుకునేముందే కన్ను పంక్తిని విడగొట్టుకుంటుంది.

ఈ విద్య పుట్టుకలో భాషాభిమానులకు సంతోషం కలిగించే విశేషమొకటి ఉన్నది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువును కంప్యూటరులోకి ఎక్కించే మహాకార్యం 1984లో ప్రారంభమైనది. ఆ పనికోసం ఐ.బి.ఎం. సంస్థకు చెందిన మైక్ కౌలిషా 1985లో లెక్స్ అనే ఎడిటరును నిర్మించినాడు. నిఘంటువులోని ఒక్కొక్క ఆరోపంలో ఉచ్చారణ, వ్యుత్పత్తి, అర్థం, ప్రయోగం వేరువేరు గుర్తులతో చిక్కుపడి ఉంటవి. వ్రాస్తూ ఉండగానే ఈ భాగాలను గుర్తించి వేరువేరు రంగులలో చూపే నేర్పు ఆ ఎడిటరుకు ఉన్నది. వ్రాతను అప్పటికప్పుడు విడదీసి రంగులు పులిమిన తొలి ఎడిటర్లలో అది ఒకటి. ఆ నిఘంటువు రెండవ కూర్పు 1989లో 20 సంపుటాలుగా వెలువడినది. నేడు ప్రోగ్రాములు వ్రాసేవారు అనుభవిస్తున్న ఈ సౌకర్యపు తొలిరోజులలో ఒక నిఘంటుకారుని అవసరం కూడ ఉన్నదన్న మాట.

*

ఇక 'డిఫాల్టు' అనే మాట. బాకీ ఎగవేసినవాణ్ణి బ్యాంకువారు డిఫాల్టరు అంటారు. ఆ మాటకు మూలార్థం లోపం, చేయవలసినది చేయకపోవుట. కంప్యూటరువారు దానిని ఎన్నిక లోపించిన చోట వర్తించేదానికి పేరుగా వాడుకున్నారు. మీరేమీ కోరకపోతే మీకు దక్కేది డిఫాల్టు. తెలుగులో కొందరు దీనిని 'అప్రమేయం' అంటున్నారు. నిఘంటువు ప్రకారం అప్రమేయమంటే కొలువరానిది. విష్ణుసహస్రనామాలలో అది ఒక నామం. తెర రంగుకు ఆ పేరు కొంచెం పెద్దదే. నన్నడిగితే మన వ్యాకరణ పరిభాషలోనే దీనికి సరియైన పోలిక ఉన్నదంటాను. ఉత్సర్గం, అపవాదం అని రెండు విధాల సూత్రాలున్నవి. అపవాదం వచ్చి అడ్డుకోనంతవరకు ఉత్సర్గమే అంతటా వర్తిస్తుంది. డిఫాల్టు అటువంటి ఉత్సర్గం. వినియోగించేవాని ఎన్నిక అపవాదం.

అయితే వ్యాకరణంలో అపవాదం తనంతట తాను వస్తుంది. ఇక్కడ మనిషి పూనుకొని తెచ్చుకుంటే గాని రాదు. మనిషి పూనుకోవటం అరుదు. దీనికి వేరొక రంగంనుండి నిదర్శనం చెప్పవచ్చు. మరణానంతర అవయవదానం గురించి ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ అనే పరిశోధకులు 2003లో ఒక వ్యాసం ప్రకటించినారు. ఇష్టమున్నవారు పేరు నమోదు చేసుకోవలెనన్న నియమం గల జర్మనీలో దాతలుగా లెక్కకు వచ్చినవారు నూటికి 12 మంది. ఇష్టం లేనివారే ఆ సంగతి తెలుపవలెనన్న నియమం గల ఆస్ట్రియాలో దాదాపు అందరూ దాతలే. రెండు పొరుగు దేశాలు, ఒకే భాష. వారి మనసులలో అంత భేదం ఉండదు. భేదమల్లా ముందుగా అమర్చిన నియమంలో ఉన్నది. ప్రాణదానం విషయంలోనే ఇట్లా ఉంటే తెర రంగు విషయం వేరే చెప్పవలెనా?

*

ఈ ముందమరికలు కాలానుగుణంగా మారుతూ వచ్చినవి. మొదటి తరపు కంప్యూటరు తెరలలో ఎన్నికకు తావే లేదు. గాజుగొట్టం లోపలివైపున పూసిన భాస్వర పదార్థం ఏ రంగులో వెలిగితే అక్షరం ఆ రంగు. నల్లని నేలమీద కొన్నింటిలో ఆకుపచ్చ, కొన్నింటిలో కాషాయపు పసుపు. తరువాత రంగుల తెరలు వచ్చినవి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలోని ఇంజనీరింగు కళాశాలలలో సి భాష నేర్చినవారికి నీలి నేలమీద పసుపుపచ్చ అక్షరాల టర్బో సి తెర చిరపరిచితం. అమెరికాలోని బోర్లాండ్ సంస్థ 1990 ప్రాంతంలో తెచ్చిన ఆ రూపం, ప్రపంచం దానిని విడిచిపెట్టిన చాలకాలం తరువాత కూడ మన ప్రయోగశాలలలో నిలిచి ఉన్నది. ఎవరూ ఆ నీలాన్ని కోరలేదు, ఎవరూ కాదనలేదు. చదువు ముగించి ఇరవై ఏళ్ళైనవారు కూడ ఆ నీలిరంగును తలచుకొని మురిసిపోవటం నేనెరుగుదును. ముందుగా అమర్చిన రంగు మనిషి జ్ఞాపకంలో అంత లోతుగా దిగుతుంది.

2006లో విమెర్ హేజెన్‌బర్గ్ అనే డచ్ కళాకారుడు మోనొకాయ్ అనే థీమును కూర్చినాడు. ముదురు బూడిదవన్నె నేలమీద గులాబి, లేతపచ్చ, పసుపు అక్షరాలు తళుక్కుమంటవి. 2008లో వచ్చిన సబ్లైమ్ టెక్స్ట్ అనే ఎడిటరు దానినే తన ముందమరికగా పెట్టుకోవటంతో అది ఊరూరా తెలిసినది. 2011లో ఈథన్ షూనోవర్ సోలరైజ్డ్ అనే థీమును ప్రకటించినాడు. అందులోని రంగులు పదహారే. నేల చీకటిదైనా, వెలుతురుదైనా కూడ అవే మెరుగురంగులు నప్పేటట్లు, వెలుగు తారతమ్యాలను లెక్కగట్టి కూర్చినాడు. సుకుమారమని కొందరు మెచ్చినారు. వెలవెలబోతున్నదని కొందరు పెదవి విరిచినారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు, వారి కళ్ళు వేరు గనుక.

*

చీకటి నేల మేలా, వెలుతురు నేల మేలా అన్న వివాదం ప్రోగ్రాములు వ్రాసేవారిలో శైవవైష్ణవ వివాదంవలె తెగకుండా సాగుతున్నది. పడుచువారు చాలమంది చీకటినే కోరుతారు. రాత్రివేళ చీకటిగదిలో తెల్లని తెర కళ్ళకు గుచ్చుకుంటుందన్న మాట కాదనరానిది. కాని చదువుట అనే ఒక్క పనినే తీసుకొని పరీక్షించినప్పుడు ఫలితం మరొక విధంగా వచ్చినది. జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రకటించిన ప్రయోగాలలో వెలుతురు నేలమీది నల్లని అక్షరాన్నే జనం మెరుగుగా పోల్చుకున్నారు. పడుచువారిలోను, పెద్దవారిలోను కూడ ఇదే కనబడినది. కారణం సులభమే. వెలుతురు ఎక్కువైనప్పుడు కంటిపాప సన్నగిల్లుతుంది. సన్నని రంధ్రం గుండా వచ్చిన బింబం నిశితంగా ఉంటుంది. చీకటి తెర ఎదుట పాప విప్పారుతుంది, అక్షరపు అంచులు కొంత అలుక్కుపోతవి. ఇంతమాత్రాన చీకటి నేలను తప్పుపట్టనక్కరలేదు. తెల్లని వెలుగును భరించలేని కళ్ళున్నవారికి అదే శరణ్యం.

కనుక నేల ఏదన్నది కంటె, నేలకూ అక్షరానికీ నడుమ ఎంత అంతరం ఉన్నదన్నది ముఖ్యం. వెబ్ పుటలు అందరికీ అందుబాటులో ఉండవలెనని 2008లో ఒక అంతర్జాతీయ ప్రమాణం వెలువడినది. దాని ప్రకారం వెలుగుల నిష్పత్తి మామూలు అక్షరాలకు 4.5కు తగ్గరాదు. శ్రేష్ఠమైన స్థాయికి 7 ఉండవలె. తెలుపు నలుపుల నడుమ ఈ నిష్పత్తి 21. మన పిల్లలు పదకొండు, పన్నెండు తరగతులలో పైథాన్ భాష నేర్చేటప్పుడు, ఆ భాషతో పాటే ఉచితంగా వచ్చే ఐడిల్ అనే ఎడిటరును వాడుతుంటారు. తెల్లని నేలమీద దాని చిరకాలపు ముందమరికలో ఆజ్ఞాపదాలు నారింజవన్నె, కొటేషన్లలోని మాటలు ఆకుపచ్చ, వ్యాఖ్యలు ఎరుపు. ఆ నారింజను, ఆ పచ్చను లెక్కగట్టి చూస్తే రెండూ 4.5ను అందుకోవు. పైగా పచ్చ, ఎరుపు ఒకేచోట చేరినవి. అయితే వ్యాఖ్యకు ముందు ఒక గుర్తు, మాటలకు ఇరువైపుల కొటేషనులు ఉండటంవల్ల, రంగు తెలియనివానికి కూడ అక్కడ ఒక ఆధారం మిగిలి ఉన్నది. ఆ అబ్బాయి ఎదుట వెలిగిన చుక్కలకు ఆ ఆధారం కూడ లేదు.

ఎరుపు పచ్చల భేదం తెలియకపోవుట అరుదైన విషయం కాదు. అణుసిద్ధాంతంతో పేరుపొందిన జాన్ డాల్టన్‌కు ఈ లోపం ఉన్నది. అతడు తన కళ్ళ సంగతిని తానే 1794లో మాంచెస్టరు పండితసభలో వివరించినాడు. ఉత్తర ఐరోపా సంతతివారిలో పురుషులలో నూటికి సుమారు 8 మందికి, స్త్రీలలో 200 మందిలో ఒకరికి ఈ లోపం ఏదో ఒక మోతాదులో ఉన్నదని లెక్క. అన్ని జాతులలోను ఈ అంకె సమానం కాదు. కొంత తక్కువే అనుకున్నా, మగపిల్లలతో నిండిన తరగతిలో ఒకడైనా ఉండటానికి అవకాశమున్నది. అతడు చెప్పడు. చెప్పకపోవటానికి కారణం బిడియమొక్కటే కాదు. తనకు కనబడేదే లోకానికంతకూ కనబడుతున్నదని అతడు అనుకుంటాడు. పుట్టినప్పటినుండి చూస్తున్న లోకంలో లోపమున్నదని ఎవరికి తోస్తుంది?

*

ఇట్లా చూచినప్పుడు ఎడిటరు కూర్చేవారి బాధ్యత స్పష్టమవుతుంది. ఒక పెద్ద ఉదాహరణ తీసుకుందాము. మైక్రోసాఫ్టు సంస్థ 2015లో విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటరును ప్రకటించినది. కొద్ది ఏళ్ళలోనే అది ప్రపంచంలో అత్యధికులు వాడే ఎడిటర్లలో ఒకటైనది. దాని ముందమరిక చాలకాలం డార్క్ ప్లస్ అనే చీకటి థీము. 2023లో దానిని, దాని జోడైన లైట్ ప్లస్‌ను ప్రక్కకు జరిపి, డార్క్ మోడరన్, లైట్ మోడరన్ అనే కొత్త జంటను ముందమరికగా నిలిపినారు. ఒక ఉదయం లేచి చూచేసరికి తమ వ్రాతబల్ల రంగు మారినదని కొందరు తెల్లబోయి ఉంటారు. కాని ఆ మార్పులో గమనింపదగిన మర్యాదలు రెండున్నవి. పాత థీములను పారవేయలేదు, పట్టికలో అట్లాగే ఉంచినారు. పాతదానినే పట్టుబట్టి ఎన్నుకున్నవాని తెర జోలికి పోలేదు. అదిగాక, కంప్యూటరులో హెచ్చు వెలుగుభేదపు అమరిక పెట్టుకున్నవారు ఈ ఎడిటరును తెరిస్తే, అది అడగకుండానే గుర్తించి తన రంగులను అట్లా మార్చుకుంటుంది. ఈ చివరి గుణమే నాకు అన్నిటికంటె నచ్చినది. అడగలేనివాని అవసరాన్ని తానై కనిపెట్టటం అంటే ఇదే.

అందగాడైన థీమును ఎన్నుకోవటం ఒక పని. ముందమరికను ఎన్నుకోవటం వేరొక పని. మొదటిది ఎవరికి వారు, తమ ముచ్చటకోసం చేసుకునేది. అందులో ఎవరి ఇష్టం వారిది. రెండవది ఊరు పేరు తెలియని మనిషికోసం చేసేది. తనకు ఏది కావలెనో చెప్పగలిగినవాడు మార్చుకుంటాడు, అతణ్ణి గురించి బెంగ లేదు. మార్చుకోవచ్చునని తెలియని పసివాడు, మార్చుకోవటానికి అనుమతి లేని ప్రయోగశాల విద్యార్థి, తన కంటిలో లోపమున్నదని ఎరుగనివాడు, వీరికి దక్కేది ముందమరిక ఒక్కటే. కాబట్టి అది అందమైనదా అని అడిగేముందు, అది ఎవరిని బయట నిలబెడుతున్నదని అడుగవలె. రంగు చెప్పే ప్రతి సంగతినీ ఒక గుర్తో, గీతో, ఆకారమో కూడ చెప్పవలె. అక్షరానికీ నేలకూ నడుమ తగినంత అంతరం ఉండవలె. మార్చుకునే దారి మొదటి పుటలోనే కనబడవలె. ఇంతకుమించిన రహస్యం ఇందులో లేదు.

*

సెలవునుండి తిరిగివచ్చిన కంప్యూటరు అధ్యాపకునితో ఈ సంగతి చెప్పినాను. ఆయన సహృదయుడు. వారంలోగా యంత్రాలన్నింటి అమరిక మార్చించినాడు. ఇప్పుడు సరియైన పంక్తి ప్రక్కన టిక్కుగుర్తు, తప్పు పంక్తి ప్రక్కన ఇంటూగుర్తు పడుతున్నవి. రంగులు కూడ ఉన్నవి, కాని వాటిమీద ఎవరూ ఆధారపడవలసిన పని లేదు.

నేను ఆ అబ్బాయిని పిలిచి, ఆనాడు పదిమందిలో తొందరపడి మాటలన్నందుకు నొచ్చుకుంటున్నానని చెప్పినాను. ఇంత చేయించినందుకు నాలో కొంత గర్వం కూడ లేకపోలేదు. "ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు గదా?" అని అడిగినాను.

"ల్యాబులో లేదు సార్" అని ఒక్క క్షణం తటపటాయించి, "మీ క్లాసులోనే ఉన్నది" అన్నాడు.

సంధి జరిగిన చోట ఎర్ర సుద్దముక్కతో గీత గీయటం నాకు ఇరవైఐదేళ్ళ అలవాటు. మా గదులలో నల్లబల్లలు తీసివేసి పచ్చబల్లలు పెట్టి చాలకాలమైనది. పచ్చబల్లమీద నా ఎర్రగీత ఆ అబ్బాయికి ఏనాడూ కనబడలేదు. సవర్ణదీర్ఘమెక్కడో, గుణమెక్కడో తెలియక, ప్రక్కవాని నోటుపుస్తకంలోకి తొంగిచూచి వ్రాసుకునేవాడట. అతనికి వ్యాకరణం పట్టుబడదని నేను ఏడాదిగా అనుకుంటూ వచ్చినాను.

ఎన్ని తరగతులకు, ఎంతమంది పిల్లలకు నా ఎర్రగీత ముందమరికగా నడిచినదో ఇప్పుడు లెక్క తీయలేను. ఆ మరునాటినుండి సంధి జరిగిన చోట తెల్ల సుద్దతోనే క్రింద జంటగీత గీస్తున్నాను. పాఠం మొదలుపెట్టేముందు చివరి బెంచివరకు నడిచి వెళ్ళి, అక్కడినుండి ఒకసారి బల్లవైపు చూచి వస్తున్నాను.